నెల్లూరు రొట్టెల పండుగ: ముస్లిం కాని భక్తుల వైపు నుంచి ఒక సమీక్ష

దర్గాకు సమీక్ష రాయడమేమిటని కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. తిరుమల క్యూ కాంప్లెక్సు గురించీ, శ్రీశైలం సత్రాల గురించీ, శబరిమల నడకదారి గురించీ వెళ్లివచ్చినవారు ఓపికగా రాస్తూనే ఉన్నారు. వాటిని చదువుకునే మిగిలినవారు ప్రయాణానికి సిద్ధమవుతున్నారు. నెల్లూరు బారా షహీద్ దర్గాలో ఏటా మొహర్రం నెల పదోరోజున మొదలై ఐదు రోజులపాటు సాగే రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. వారిలో హిందువులు పెద్ద సంఖ్యలో ఉంటారు. అయినా ఈ పండుగ గురించి మనకు ఎక్కువగా కనిపించేవి ఏర్పాట్ల వార్తలు, వచ్చిన నాయకుల ఫొటోలు మాత్రమే. ఇస్లాంలో చేరని, చేరాలన్న ఆలోచన కూడా లేని మనిషికి ఆ చెరువు నీళ్లలో నిలబడినప్పుడు దేవుడు దగ్గరలో ఉన్నట్టు ఎందుకు అనిపిస్తుంది, అక్కడి ఏర్పాట్లు అందుకు ఎంతవరకు తోడ్పడతాయి, ఎక్కడ అడ్డుపడతాయి అని విడమరచి చెప్పినవారు తక్కువ. ఈ సమీక్ష ఆ విషయానికే పరిమితం.

నా సంగతి ముందుగా చెప్పడం న్యాయం. పుట్టింది హిందూ కుటుంబంలో. ఇంట్లో దీపం పెట్టడం, కార్తీక సోమవారాలు, తిరుమల మొక్కులు అన్నీ ఉన్నాయి. ఏ పీరు (సూఫీ గురువు) దగ్గరా శిష్యరికం చేయలేదు. ఇస్లాం విశ్వాస వాక్యమైన కలిమా చదవలేదు. నమాజు రాదు. అయినా ఈ దర్గాకు వెళ్లినప్పుడు నాకు కలిగే భావం గుడిలో కలిగేదానికి తక్కువది కాదు, కొన్నిసార్లు ఎక్కువే. ఈ మాట మా ఇంట్లో పెద్దవాళ్లకు వింతగా తోచదు, ఎందుకంటే వాళ్లూ ఇలాంటివాళ్లే.

దర్గా నెల్లూరు నగరంలోనే, స్వర్ణాల చెరువు గట్టున ఉంది. పెన్నా నీటితో నిండే ఈ చెరువును చాలామంది నెల్లూరు చెరువనే అంటారు. గట్టున పన్నెండుమంది అమరవీరుల, అంటే షహీదుల, సమాధులు ఉన్నాయి. స్థానికంగా చెప్పుకునే కథ ప్రకారం, గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో ఆ వీరుల తలలు తెగిపడగా, మొండేలను వారి గుర్రాలు ఈ గట్టుదాకా మోసుకొచ్చాయి. తరువాత ఎప్పుడో, చెరువులో బట్టలు ఉతికే రజక దంపతులలో భార్యకు ఆ వీరులు కలలో కనిపించి, ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు తగ్గాలంటే తమ సమాధుల దగ్గరి మట్టిని నుదుట రాయమని చెప్పారట. జబ్బు తగ్గాక నవాబు దంపతులు ఇక్కడికి వచ్చి మొక్కు తీర్చుకుని, తమతో తెచ్చుకున్న రొట్టెలను ఆ రజక దంపతులతో పంచుకున్నారట. కథలో పాఠాంతరాలు ఉన్నాయి, ఇందులో చరిత్ర పాలు ఎంత అన్నది వేరే చర్చ. నాకు ముఖ్యమనిపించేది, కల నవాబును వదిలి బట్టలుతికే ఇల్లాలి దగ్గరికి రావడం. ఆమెది ఏ మతమని కథ చెప్పేవారెవరూ పట్టించుకోరు. ఇటువంటి కథ మీద నిలబడిన చోటికి బయటి మతంవాడు వెళ్లి, నన్ను రానిస్తారా అని గుమ్మం దగ్గర సంకోచించవలసిన పని లేదు.

పండుగలో అసలు కార్యం రొట్టె మార్చుకోవడం. దాని పద్ధతి చాలా తేలిక. కోరిక ఉన్నవారు చెరువులో మోకాలి లోతు నీళ్లలో, తల మీద కొంగో తువ్వాలో కప్పుకుని నిలబడతారు. అంతకుముందు అదే కోరిక కోరుకుని, అది తీరినవారు, ఇంటి నుంచి రొట్టె చేసుకుని వచ్చి, నీళ్లలోనే వారి చేతికి ఇస్తారు. పుచ్చుకున్నవారు ఆ రొట్టెను అక్కడే తిని, తమ కోరిక తీరితే తిరిగి వచ్చి మరొకరికి రొట్టె ఇవ్వాలని మొక్కుకుంటారు. విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఇల్లు కట్టుకునే రొట్టె, విదేశీ రొట్టె అని పేర్లు. ఆ రొట్టె మామూలు గోధుమపిండి రొట్టే. కొందరు బెల్లం కలిపి చేస్తారు, కొందరు పక్కన బెల్లం ముక్క పెట్టి ఇస్తారు.

ఒక రొట్టె చేతులు మారడం దగ్గర నుంచి చూశాను. స్టీలు డబ్బా చంకలో పెట్టుకున్న ఒక పెద్దావిడ, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, మెట్లు దిగి నీళ్లలోకి వచ్చింది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు. "సంతానం రొట్టె ఎవరికమ్మా, సంతానం రొట్టె!" అని రెండుసార్లు కేకేసింది. నల్ల బురఖా వేసుకున్న ఒక అమ్మాయి, పక్కనే నిలబడ్డ భర్త చేతిని పట్టుకుని ముందుకు వచ్చింది. పెద్దావిడ డబ్బా మూత తీసి, తెల్లగుడ్డ మడతలో నుంచి రొట్టె తీసి, సగానికి తుంచి, ఒక సగం అమ్మాయికీ మరో సగం భర్తకూ ఇచ్చింది. "నా కోడలికి ఏడేళ్లకు పుట్టాడమ్మా. నువ్వు గూడా తెచ్చి ఇయ్యాల, మరిచిపోమాక" అంది. ఆ అమ్మాయి రొట్టెను కళ్లకద్దుకుని తిన్నది. ఇద్దరూ పేర్లు అడగలేదు, ఊరు అడగలేదు. పెద్దావిడ డబ్బా మూత పెట్టుకుని, మిగిలిన రొట్టెలతో మరో వైపు నడిచింది.

రొట్టె ఎటు నుంచి ఎటైనా వెళుతుంది. హిందువు ఇచ్చినది ముస్లిం తింటుంది, ముస్లిం ఇచ్చినది క్రైస్తవుడు తింటాడు. మనవైపు ఇంటి గడప దాటని ఎంగిలి పట్టింపులు, ఎవరి ఇంట్లో ఏం తినవచ్చన్న లెక్కలు ఇంకా పూర్తిగా పోలేదని తెలిసినవారికి ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి వంటింట్లో తయారైన రొట్టెను, ఆ మనిషి కులం గానీ మతం గానీ అడగకుండా, ప్రసాదంగా కళ్లకద్దుకుని తినడాన్ని ఏ ఉపన్యాసమూ లేకుండా ఈ పండుగ మనచేత చేయిస్తుంది.

కోరిక తీరుతుందా అన్నది సమీక్షలో అందరూ ముందుగా వెతికే ప్రశ్న. దానికి నిజాయితీగా చెప్పగలిగినది ఇంతే. చెరువులో రొట్టె ఇచ్చేవారందరూ కోరిక తీరినవారే. తీరనివారిలో చాలామంది మళ్లీ రారు, వచ్చినా చేతిలో రొట్టె ఉండదు, కేక వేయరు. కాబట్టి గట్టున నిలబడి చూసేవారికి ఇక్కడ కోరని కోరిక లేదు, తీరని కోరిక లేదు అనిపించడం సహజం. ఇది లెక్క ప్రకారం రుజువు కాదు, ఆ సంగతి తెలిసే వెళ్లాలి. జబ్బుకు వైద్యం, ఉద్యోగానికి చదువు ఎలాగూ తప్పవు. ఆరోగ్యం రొట్టె తిన్నామని మందులు మానేస్తే దానికి షహీదులు బాధ్యులు కారు.

కానీ ఆ లెక్కలోనే ఈ చోటి గొప్పతనం కూడా ఉందని నా అభిప్రాయం. గుడిలో గానీ మరో ప్రార్థనాస్థలంలో గానీ మన చుట్టూ నిలబడ్డవారు ఎక్కువగా అడగడానికి వచ్చినవారు. ఎవరి కష్టం వారిది, ఎవరి కళ్లు వారు మూసుకుని ఉంటారు. కృతజ్ఞత చెప్పుకునేవారు ఉన్నా వారెవరో మనకు తెలియదు. ఇక్కడ మాత్రం కృతజ్ఞతే నడిచివచ్చి, గొంతెత్తి పిలిచి, మన చేతిలో తినుబండారం పెడుతుంది. దేవుడు తమ మాట విన్నాడని నమ్మే మనుషులు ఇంతమంది ఒకేచోట నీళ్లలో నిలబడి ఉండగా, వారి మధ్య నిలబడినవాడికి దేవుడు దూరంగా ఉన్నాడని అనుకోవడం కష్టం. అర్చకుడో, దర్గాలో సేవ చేసే ముజావరో ఇప్పించగలిగే నమ్మకం కాదు ఇది. సాటి మనిషి తన జీవితాన్ని సాక్ష్యంగా చూపి ఇచ్చేది. నాకు ఈ పండుగలో దొరికినది ముఖ్యంగా ఇదే, ఇది దొరకడానికి ఏ మతంలోనూ పేరు నమోదు చేసుకోనవసరం లేదు.

అడగని ప్రశ్నల గురించి కూడా చెప్పాలి. గుడిలో అర్చన చేయిస్తే గోత్రం, నక్షత్రం, పేరు చెప్పాలి. గోత్రం తెలియనివారు, చెప్పడానికి లేనివారు ఆ ఒక్క క్షణం పడే ఇబ్బంది పడ్డవారికే తెలుస్తుంది. దర్గాలో ఫాతెహా అనే ఖురాన్ ప్రార్థన చదివించేటప్పుడు పేరు చెబితే చాలు, చెప్పకపోయినా పనికి ఆటంకం లేదు. ఫాతెహా అరబ్బీలో సాగుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. అయితే మన సంకల్పంలోనూ, సహస్రనామంలోనూ అర్థమయ్యేది ఎంత అని ఎవరికి వారు తరచి చూసుకుంటే ఈ ఫిర్యాదులో పస తగ్గిపోతుంది. ముజావరు మన తల మీద నెమలీకల కట్టతో మెల్లగా తట్టి, కాస్త చక్కెరో, పూలరేకులో చేతిలో వేస్తాడు. సాంబ్రాణి పొగ, సమాధులపై కప్పే మల్లెపూల చాదర్లు, అగరొత్తులు ఉంటాయి కాబట్టి హిందువుకు ఏదీ కొత్తగా అనిపించదు. తల కప్పుకోవాలన్న నియమం ఒక్కటే ప్రత్యేకం, జేబురుమాలైనా సరిపోతుంది.

ఈ పరిచయం మన ప్రాంతంలో ఒక్క పండుగతో వచ్చినది కాదు. నెల్లూరు, ప్రకాశం, కడప, అనంతపురం జిల్లాలలో మస్తానయ్యలు, మస్తానమ్మలు, మస్తాన్‌రెడ్లు, దస్తగిరమ్మలు, పీరయ్యలు, ఉస్సేనప్పలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది హిందువులే. పిల్లలు నిలవకపోతేనో, పుట్టకపోతేనో తల్లులు ఏదో ఒక దర్గాలో మొక్కుకుని పెట్టుకున్న పేర్లవి. బడి రిజిస్టరులో హిందువు, పేరులో పీరు. మొహర్రంలో పీర్లను ఎత్తుకుని నిప్పులగుండం తొక్కే హిందువులు రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఊరూరా కనిపిస్తారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి ఉత్సవానికి వచ్చేవారిని మతాలవారీగా వేరు చేయడం ఎవరితరమూ కాదు. కాబట్టి ఇస్లాంలో చేరకుండానే ఇస్లాం వైపు నుంచి దేవుడిని చేరుకోవచ్చా అన్న ప్రశ్న పట్నాలలో చదువుకున్నవారికి కొత్తగా తోచినా, మన పల్లెలు దానికి ఏనాడో తమ పద్ధతిలో జవాబు చెప్పేశాయి.

అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని దాచడం సమీక్షకు తగదు. సమాధుల దగ్గర కోరికలు కోరడం ఏకేశ్వర విశ్వాసానికి విరుద్ధమని, అడిగితే అల్లాహ్‌నే అడగాలని గట్టిగా నమ్మే ముస్లింలు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు ఈ పండుగవైపు కన్నెత్తి చూడరు. వారి మాటలో తర్కం ఉంది. వారితో వాదించడానికి బయటివారమైన మనకు అర్హత లేదు. హిందువులలోనూ మన దేవుళ్లు చాలరా, సమాధులకు మొక్కడమేమిటి అనేవారు ఉన్నారు. బృందావనాలకూ, జీవసమాధులకూ ప్రదక్షిణాలు చేసే సంప్రదాయంలో పుట్టినవారు ఆ మాట అనేముందు కాస్త ఆలోచించాలి. మొదటి అభ్యంతరాన్ని గౌరవిస్తాను, రెండోదాన్ని పెద్దగా పట్టించుకోను.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ముస్లిం కావడానికి, అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని మనస్ఫూర్తిగా సాక్ష్యం పలకాలి; ఆ తరువాత రోజుకు ఐదుపూటల నమాజు, రంజాన్ నెలంతా ఉపవాసం, స్తోమత ఉన్నవారికి జకాత్ (విధిగా చేసే దానం), హజ్ (మక్కా యాత్ర) అనే బాధ్యతలు జీవితాంతం ఉంటాయి. వాటిని మోసేవారి నమ్మకం కాపాడుకొస్తున్న చోటికి మనం ఏడాదికోసారి వెళ్లి, రొట్టె తిని, తలపై నెమలీకలు తట్టించుకుని, మనసు తేలికపడి తిరిగివస్తాం. బరువు వారిది, తీపి మనది. ఈ అసమానత తెలిసి వెళ్లినవాడికి దర్గాలో ఎలా మెలగాలో వేరే చెప్పనవసరం లేదు. ఆజాన్ వినిపించినప్పుడు మాట ఆపడం, నమాజు చేస్తున్నవారి ముందు నుంచి నడవకపోవడం, ఫొటోల కోసం సమాధుల మీదికి వంగకపోవడం అతనికి వాటంతట అవే తెలుస్తాయి.

ఏర్పాట్ల విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా నిర్వహిస్తోంది కాబట్టి రద్దీ ఎంత ఉన్నా ఆసరా ఉంటుంది. ఘాట్ల దగ్గర బారికేడ్లు, లోతు తెలిపే హెచ్చరికలు, పోలీసులు, వైద్య శిబిరాలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకు ప్రకటనలు అన్నీ కనిపిస్తాయి. స్వచ్ఛంద సంస్థలవారు, ఊరి కుర్రవాళ్లు మజ్జిగ, మంచినీళ్లు పంచుతూ ఉంటారు. నాకు నచ్చనిది రొట్టెల పేర్లతో పెట్టే బోర్డుల సంగతి. ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో తెలిసేలా కోరికలవారీగా బోర్డులు పెట్టడం కొత్తగా వచ్చినవారికి సౌకర్యమే, కాదనను. కానీ ఆ పెద్దావిడలాగా గొంతెత్తి పిలవడం, అడగడం, వెతుక్కోవడం, నాకు కావలసిన రొట్టె ఎవరి దగ్గర ఉందోనని తెలియని మొహాలను ఆశగా చూడడం పండుగలో భాగం. బోర్డు కిందికి వెళ్లి వరసలో నిలబడితే అది కౌంటరు అవుతుంది.

కోరికల జాబితా ఏటా పెరుగుతోంది. ఆరోగ్యం, సంతానం, పెళ్లి అనే పాత కోరికల పక్కన ప్రమోషను రొట్టె, విదేశీ రొట్టె వచ్చి చేరాయి. నెల్లూరు, గుంటూరు జిల్లాల నుంచి అమెరికాకు వెళ్లిన కుటుంబాలు ఎన్నో చూస్తే రెండోది ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. కొడుకు వీసా కోసం రొట్టె పట్టిన తల్లి, వాడు అక్కడ స్థిరపడ్డాక ఒంటరిగా వచ్చి ఇంకొకరి బిడ్డ కోసం రొట్టె ఇచ్చి వెళుతుంది. రాష్ట్ర విభజన కాలంలో సమైక్యాంధ్ర రొట్టె, ఆ తరువాత ప్రత్యేక హోదా రొట్టె కూడా ఈ చెరువులో చేతులు మారాయి. ఆ రెండు రొట్టెల మొక్కు తీర్చుకోవడానికి తిరిగి వచ్చినవారు ఇంతవరకు లేరన్నది లోకానికి తెలిసిందే.

రొట్టె కొనుక్కోవాలా, చేసుకుని తెచ్చుకోవాలా అని అడుగుతారు. దర్గాకు వెళ్లే దారి పొడవునా రొట్టెలు అమ్ముతారు, దూరం నుంచి వచ్చేవారికి అది అవసరమే. కానీ మొక్కు తీర్చుకునే రొట్టె ఇంట్లో చేయడమే మేలు. గోధుమపిండిలో చిటికెడు ఉప్పు, తురిమిన బెల్లం, కాస్త నెయ్యి వేసి, నీళ్లకు బదులు గోరువెచ్చని పాలతో కలిపి, మందంగా ఒత్తి, సన్నని సెగమీద రెండువైపులా ఎర్రగా కాల్చి, పూర్తిగా చల్లారాక పలచని నూలుగుడ్డలో చుడితే మర్నాటి వరకు మెత్తగా ఉంటుంది. వేడిగా ఉండగా డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆవిరి పట్టి పాచిపోతుంది. నేను బయట కొన్న రొట్టె ఒకసారి అలాగే జిగురు వాసన వేసింది. అమ్మినవారిని అడిగితే, పండుగ రద్దీలో ఎన్నని చూస్తామని విసుక్కున్నారు. ఇంకొకరు నోట్లో పెట్టుకునేదీ, దేవుడి పేరున ఇచ్చేదీ అయిన వస్తువు మీద ఆపాటి శ్రద్ధ లేకపోతే మొత్తం ప్రయాణానికే అర్థం లేదు.

డబ్బు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఈ దర్గా సంగతి కాదు, పేరు చెప్పనవసరం లేని వేరొక ఊరి దర్గాలో, నేను హిందువునని బొట్టు చూసి గ్రహించిన ఒకతను, పక్కకు తీసుకువెళ్లి, మీ ఇంటిమీద గాలి ఉందనీ, వేలల్లో ఖర్చయ్యే తాయెత్తు కట్టించుకోవాలనీ భయపెట్టాడు. కొత్తవారి తెలియనితనం మీద బతికేవారు పుణ్యక్షేత్రాలన్నిటిలోనూ ఉన్నారు, ఏ మతానికీ మినహాయింపు లేదు. హుండీలో మీకు తోచినది వేయండి, చాదర్‌కూ పూలకూ ధర ముందే అడగండి, గాలి సోకిందన్న మాట వినగానే అక్కడి నుంచి కదలండి.

ఇక్కడ దొరకనిది ఒకటి ఉంది. తెలిసీ తెలియక వచ్చిన హిందువుకు, తాను చేస్తున్నదేమిటో నాలుగు ముక్కలు తెలుగులో చెప్పే మనిషి సులువుగా దొరకడు. ఫాతెహా అన్నది ఖురాన్‌లోని మొదటి అధ్యాయమని, అందులో ఉన్నవి ఏడే వాక్యాలని, అది దేవుడిని స్తుతించి సరైన దారి చూపమని అడిగే ప్రార్థన అని తెలిస్తే, దానిని విని తలవంచే మనిషి మరింత మనస్ఫూర్తిగా తలవంచుతాడు. మొహర్రం పదోరోజు కర్బలాలో ఇమామ్ హుస్సేన్ ప్రాణత్యాగం చేసిన రోజని, ముస్లింలకు అది పండుగ సంబరం కాదని తెలిస్తే, కొందరు కుర్రవాళ్లు గట్టుమీద పెట్టే సినిమా పాటల గోల కొంతైనా తగ్గుతుంది. దారిలో నాలుగు తెలుగు ఫలకాలు పెడితే తీరిపోయే లోటు ఇది. దీన్ని మత ప్రచారమని ఎవరూ అనుకోరు. మన ఇంటికి వచ్చిన చుట్టానికి ఇది దేవుడి గది అని చెప్పినట్టు ఉంటుంది.

ఐదు రోజులలో ఏ రోజు వెళ్లాలన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. రెండో రోజు రాత్రి గంధమహోత్సవం. నగరంలోని కోటమిట్ట నుంచి గంధం బిందెలు ఊరేగింపుగా బయలుదేరి దర్గాకు చేరుతాయి, గంధాన్ని సమాధులకు పూసిన తరువాత భక్తులకు పంచుతారు. ఆ గంధం కోసం తెల్లవారేదాకా కాచుకునే జనంలో మీరు నిలబడగలిగితే తప్పక వెళ్లండి. చిన్నపిల్లలతోనూ, మోకాళ్ల నొప్పులు ఉన్నవారితోనూ ఆ రాత్రి వద్దు. రొట్టె కోసమే అయితే చివరి రెండు రోజుల ఉదయం పూట మేలు. జనం పలచబడతారు, రొట్టె ఇచ్చినవారితో రెండు మాటలు మాట్లాడే వీలు ఉంటుంది.

ఈ ఐదు రోజుల సందడి సరిపడనివారు మామూలు రోజులలో రావడమే మంచిది. రొట్టె ఇచ్చేవారు ఉండరు, కానీ గట్టుమీద కూర్చుని చెరువువైపు చూస్తూ ఎంతసేపు ఉన్నా ఎందుకున్నావని అడిగేవారు కూడా ఉండరు. సాధారణంగా దర్గాలన్నిటిలోనూ గురువారం సాయంత్రం భక్తుల తాకిడి ఎక్కువ. ప్రశాంతత కోరేవారు ఆ పూట తప్పించాలి. నెల్లూరు దాకా వచ్చినవారు కసుమూరు, ఏ.ఎస్.పేట దర్గాలకు కూడా వెళ్లివస్తారు. ఏ.ఎస్.పేటలో మనోవ్యాధులతో బాధపడేవారిని తీసుకొచ్చి రోజుల తరబడి ఉంచే కుటుంబాలు కనిపిస్తాయి. ఆ దృశ్యం అందరూ తట్టుకోలేరు, ఆ రోగులకు వైద్యుడి అవసరం కూడా ఉందని ఎవరైనా మెల్లగా చెబితే బాగుండునని అనిపిస్తుంది.

కడప వైపు వెళ్లేవారికి పెద్ద దర్గా ఉంది. అమీన్ పీర్ దర్గా అని కూడా అంటారు. సంగీత దర్శకుడు ఏ.ఆర్.రెహమాన్ తరచుగా వచ్చే దర్గాగా అది చాలామందికి తెలుసు. అదే ఊళ్లో దేవుని కడపలో దీనికి తిరగేసిన దృశ్యం చూడవచ్చు. ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు, స్వామి దేవేరి అయిన ముస్లిం స్త్రీగా చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, వేంకటేశ్వరస్వామి గుడికి టెంకాయలు, పూలు పట్టుకుని వస్తాయి. ముస్లింలు హిందువులు కాకుండానే ఆ గడప తొక్కుతారు, హిందువులు ముస్లింలు కాకుండానే ఈ గడప తొక్కుతారు. రెండూ చూసినవారికి నేను పైన రాసినదంతా కొత్తగా ఏమీ అనిపించకపోవచ్చు.

స్త్రీలు దర్గాల విషయంలో ముందుగా కనుక్కుని వెళ్లాలి. దేశంలో కొన్ని పేరుపొందిన దర్గాలలో సమాధి ఉన్న లోపలి గదిలోకి స్త్రీలను అనుమతించరు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో బయటి నుంచే చూడాలి. ముంబయి హాజీ అలీలో కూడా కొన్నేళ్లు అలాంటి కట్టుబాటే ఉండేది, 2016లో బొంబాయి హైకోర్టు తీర్పుతో అది తొలగింది. రొట్టెల పండుగలో మాత్రం చెరువు నీళ్లలో స్త్రీలదే పైచేయి. రొట్టె చేసేదీ, తెచ్చేదీ, పిలిచి ఇచ్చేదీ ఎక్కువగా వారే. మగవాళ్లు సంచులు పట్టుకుని గట్టుమీద నిలబడతారు.

ఎవరు వెళ్లవచ్చు అంటే, మతం మారే ఉద్దేశం లేకపోయినా పక్కవారి దేవుడి ముందు తలవంచడానికి అహం అడ్డురానివారు, తెలియని చేతి నుంచి అన్నం పుచ్చుకోగలవారు తప్పక వెళ్లాలి. కోరిక తీరుతుందన్న హామీ కావాలనుకునేవారు, శుభ్రత విషయంలో ఏమాత్రం రాజీపడనివారు, జనంలో ఊపిరాడనివారు పండుగ రోజులలో వెళ్లకపోవడం మంచిది. పిల్లలకు చూపించదగిన పండుగే, కానీ నీళ్లలో వారి చేయి వదలకూడదు.

తేదీల విషయంలో ఒక సూచన. చాంద్రమానం కాబట్టి పండుగ ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 2023లో జూలై నెలాఖరున, 2024లో జూలై 17న, 2025లో జూలై 6న మొదలైంది. 2026లో జూన్ చివరి వారానికి వస్తుంది. నెలవంకను బట్టి ఒక రోజు అటూఇటూ అవుతుంది కనుక, మొహర్రం నెల మొదలైన తరువాత తేదీ ఖాయం చేసుకుని, చెన్నై-విజయవాడ మార్గంలో నెల్లూరుకు రైలు టికెట్టు తీసుకోవాలి. లాడ్జీలు మాత్రం అంతకు ముందే చూసుకోకపోతే గది దొరకదు. 2028 నాటికి పండుగ రోహిణీ కార్తెలో పడుతుంది. నెల్లూరు ఎండ ఎలాంటిదో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ ఏడాది రొట్టె మొక్కు ఉన్నవారు తెల్లవారుజామునే చెరువులో దిగి, పది గంటలలోపు గట్టెక్కేలా చూసుకోవాలి.